చుక్కలోళ్ళ అమ్మ ఏమన్నది

నా కోపం సంగతి ముందే చెప్పేస్తాను, దాచుకుని తర్వాత చెబితే అది కోపంలా ఉండదు. మొన్నటి వానాకాలంలో, ముసురు పట్టి దండెం మీది బట్టలు ఆరని రోజుల్లో, భూపాలపల్లిలోని మా ఇంట్లో మా కోడలు టీవీ ముందు కూర్చుని ఏదో నొక్కుతూ, నేను ఎప్పుడూ చెప్పే చుక్కల సీరియల్‌ను మళ్ళీ కొత్తగా తీశారనీ, తెలుగులో కూడా వస్తోందనీ చెప్పింది. చేతిలో చిక్కుడుకాయల గిన్నె అట్లాగే పట్టుకుని పోయి కూర్చున్నాను. లేచేసరికి కొత్త సీజన్ మొత్తం అయిపోయింది, చిక్కుడుకాయలు మాత్రం ఈనె తీయకుండా గిన్నెలోనే ఉన్నాయి. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, నా ముఖం చూసి, ఎవరైనా పోయారా అని అడిగాడు. ఎవరూ పోలేదు, నా చిన్నతనాన్ని ఎవరో అడగకుండా తీసుకుపోయి పాడుచేసి తెచ్చి ఇచ్చారని చెప్పాను. ఆయన గనిలో పనిచేసి వచ్చిన మనిషి, ఆకలి మీద ఉన్నాడు, పోయి అన్నం గిన్నె మూత తీశాడు.

ఆ సీరియల్‌కు హిందీలో పెద్ద పేరే ఉండేది. మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు, ‘చుక్కలోళ్ళు’ అనేవాళ్ళం. ఆదివారం పొద్దున వచ్చేది. కథ చెప్పడానికి తేలికే. ఆకాశం చివర, లోకాలన్నీ అయిపోయిన చోట ఒక దీపం ఇల్లు ఉంటుంది. చుక్కల మధ్య తిరిగే ఓడలు దారి తప్పకుండా రోజూ ఆ పెద్ద దీపం వెలిగించాలి. ఆ పని ఒక కుటుంబానిది: తాత, తండ్రి, తల్లి, నా ఈడు పిల్ల ఒకతి, చక్రాల మీద తిరిగే ఇనుప పెట్టెలాంటి మర ఒకటి. ఆ మర మాట్లాడదు, ఈలలు వేస్తుంది. సీజన్ సగంలో తల్లి చిన్న ఓడ ఎక్కి, దూరాన ఆరిపోయిన ఇంకో దీపాన్ని బాగుచేయడానికి పోయి, తిరిగి రాదు. మిగిలిన సగమంతా ఆమె కోసం ఎదురుచూపే. చివరి భాగంలో తీగ ఫోనులో ఆమె గొంతు వినిపిస్తుంది, కూతురితో నాలుగు మాటలు మాట్లాడుతుంది, కథ అక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత ఎవరూ తీయలేదు. ఆ తల్లి ఇల్లు చేరిందో లేదో తెలియకుండానే నేను పెద్దదాన్నయ్యాను, పెళ్ళి చేసుకున్నాను, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను, కొడుక్కి పెళ్ళి చేసి కోడలిని తెచ్చుకున్నాను.

మాది రఘునాథపల్లి పక్క ఊరు. దసరా పోయిన దగ్గర్నుంచి మా ముందు గదిలో మనుషుల కంటే పత్తి ఎక్కువగా ఉండేది. కప్పు దాకా పేర్చిన పత్తి మీద పిల్లలం ఎక్కి దూకితే నాయినమ్మ కట్టె పట్టుకుని వచ్చేది. పచ్చి పత్తికి ఒక వాసన ఉంటుంది, ఎండిన మట్టి మీద మొదటి చినుకులు పడినప్పటి వాసనకు దగ్గరగా. దానిలో మూలన పెట్టిన పురుగుమందు డబ్బా వాసన, నాయినమ్మ చుట్ట పొగ కలిసి, ఆ గదిలోకి అడుగుపెడితేనే తెలిసేది అది మా ఇల్లని. ఆ పత్తికీ గోడకూ మధ్య మిగిలిన జాగాలో, తలుపులున్న చెక్కపెట్టెలో టీవీ ఉండేది. మా బాపు ఊళ్ళో నలుగురికి పంచాయతీలు చెప్పే మనిషి, ఇంట్లో టీవీ లేకపోతే బాగుండదని తెచ్చాడే తప్ప ఆయన దాని ముందు కూర్చున్నది తక్కువ. ఆదివారం మాత్రం ఇరుగుపొరుగు వాళ్ళూ, పత్తి ఏరడానికి తండా నుంచి వచ్చే ఆడవాళ్ళూ కూడా వచ్చి కూర్చునేవారు. బొమ్మ చెదిరితే ఒకరు మేడ ఎక్కి యాంటెన్నా గొట్టం తిప్పేవారు, కిందినుంచి ఇంకొకరు ‘జర ఇటు, జర అటు’ అని అరిచేవారు.

హిందీ అర్థమయ్యేది ఒక్క మా అత్తకే. రాజమణత్త మా బాపుకు అక్క. ఆమె పెనిమిటి రైల్వేలో పనిచేసేవాడట, బల్లార్షా దగ్గర క్వార్టర్లో కాపురం. పిల్లలు కలగకముందే ఆయన పోతే, ఒక ట్రంకుపెట్టె, హిందీ భాష తీసుకుని తల్లిగారింటికి వచ్చింది. అత్త చుక్కలోళ్ళ కథను తెలుగు చేసి చెప్పేది. పక్కన కూర్చుని గుసగుసగా కాదు, టీవీ పక్కన పీట వేసుకుని, మా వైపు తిరిగి, ఒక్కొక్కరి గొంతు మార్చి చెప్పేది. తాత మాట్లాడితే దగ్గు కలిపి, తండ్రి మాట్లాడితే మా బాపులా ముక్కుతో. మర వేసే ఈలలకు కూడా మాటలు పెట్టేది. ఆ దీపం ఇంటివాళ్ళంతా మా ఇంట్లో మేము మాట్లాడే మాటే మాట్లాడారు. ‘ఏందిరా, ఓడ గిట్ల ఊగుతుంది’ అనేవాడు చుక్కల తాత. తండా ఆడవాళ్ళు అత్త చెప్పకముందే సగం నవ్వేవారు. వాళ్ళ ఇంటి మాటకూ హిందీకీ చుట్టరికం ఉందని అత్తే చెప్పింది.

నాకు ఆ సీరియల్ ఉత్త కాలక్షేపం కాదు. దానికి కారణం ఉంది. ఆ ఏడు బతుకమ్మ ఆడుకోవడానికి అమ్మ కొడకండ్లలోని తన తల్లిగారింటికి పోయింది, పండుగ అయిపోయినా రాలేదు. పోయే ముందు ఇంట్లో మాటలు పడ్డాయి. దేని దగ్గర మొదలైందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. మజ్జిగలో నీళ్ళెక్కువయ్యాయని నాయినమ్మ అన్నదట, అమ్మ ఏదో అన్నదట, బాపు చేయి ఎత్తలేదు కానీ ఎత్తినంత పని చేశాడట. అమ్మను వాళ్ళ అన్న వచ్చి తీసుకుపోయాడు. తిరిగి ఎవరు తీసుకురావాలన్నదే పంచాయతీ. ‘పోయిన మనిషి పోయినట్టే రావాలె’ అనేవాడు బాపు. పిలవని ఇంటికి మా చెల్లె ఎట్లా వస్తుందని వాళ్ళు కబురు పెట్టేవారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇటు వీళ్ళు, అటు వాళ్ళు. ఊరందరి ఇళ్ళల్లో అలిగిపోయిన కోడళ్ళను సర్ది తెచ్చిన మా బాపుకు తన ఇంటి దగ్గర కాళ్ళు కదల్లేదు. నన్ను పంపడం కూడా కుదరదు. పిల్లను తోలితే మనం దిగినట్టేనని నాయినమ్మ తేల్చేసింది. జనగామ పోయి బస్సు మారితే కొడకండ్ల. పొద్దున పోతే మధ్యాహ్నం అన్నం వేళకు తిరిగి రావచ్చు. ఆ చుక్కలోళ్ళ తల్లి ఎంత దూరంలో ఉందో మా అమ్మ నాకు అంత దూరంలో ఉండేది.

అందుకని నేను ఒక లెక్క పెట్టుకున్నాను. చిన్నపిల్లల లెక్క. తెర మీది పిల్ల నా ఈడుది, దాని తల్లి కూడా పోయింది. అది ఏం చేస్తే నేనూ అదే చేయాలి. అది ఇంట్లో ఉండి దీపం పెడితే నేనూ ఉంటాను, అది ఓడ ఎక్కి తల్లి దగ్గరికి పోతే నేను జనగామ బస్సు ఎక్కుతాను. కండక్టర్ మా బాపుకు ఎరుకున్నవాడే, ఎక్కితే ఎక్కించుకునేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుని అత్తకు చెప్పాను. అత్తకు చెప్పడమంటే నాకు వేరేవాళ్ళకు చెప్పినట్టు అనిపించేది కాదు. ఆదివారం పొద్దున్నే తలకు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, అరుగు మీద ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. అమ్మ పోయిన దగ్గర్నుంచి నా జడ, నా అన్నం, నా పక్క అన్నీ అత్తవే.

“గా పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి పోతే నేను గూడ కొడకండ్ల పోత అత్తా” అన్నాను. జడలో అత్త చేయి ఆగింది. తర్వాత మళ్ళీ అల్లింది, ఎప్పటికంటే బిగుతుగా.

చివరి భాగం ఆ రోజే వచ్చింది. పత్తి ఏరడం అయిపోయింది కాబట్టి తండా ఆడవాళ్ళు లేరు, ముందు గది ఖాళీ అయి మాటలు ప్రతిధ్వనిస్తున్నాయి. నేను టీవీకి ఎంత దగ్గరగా కూర్చున్నానంటే తెర మీది గీతలు కనిపించేవి. దీపం ఇంట్లో ఆ పిల్ల తీగ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. గరగరమని తల్లి గొంతు వచ్చింది. హిందీలో ఏదో నెమ్మదిగా చెప్పింది, మధ్యలో ఏడ్చింది. నేను అత్త ముఖం చూశాను. అత్త తెరనే చూస్తూ చెప్పింది: “నేనొస్తున్న బిడ్డా. నువ్వు యాడికి కదలకు. దీపం ఆర్పకు.”

అంతే. పిల్ల పోయి దీపం వెలిగించింది, సంగీతం వచ్చింది, పేర్లు పడ్డాయి. నాకు ఏడుపు రాలేదు, పైగా కొండంత ధైర్యం వచ్చింది. తల్లులు వస్తారు, పిల్లలు కదలకుండా ఉండాలి, ఇంతే కదా అనుకున్నాను. ఆ సాయంత్రం నుంచి మా దర్వాజా పక్క గూట్లో దీపం పెట్టడం మొదలుపెట్టాను. నూనె దండగ అని నాయినమ్మ గొణిగేది, అత్త మాత్రం వత్తులు చేసి పెట్టేది. ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది, మళ్ళీ బతుకమ్మ వచ్చింది. నేను కదల్లేదు. గాలికి దీపం ఆరితే మళ్ళీ వెలిగించేదాన్ని. కానీ రోజులు గడిచే కొద్దీ ఆ దీపం పెడుతున్నప్పుడు నాలో ఆశ తగ్గి, ఇంకోటి పెరిగింది. వస్తానని చెప్పి రాకపోవడమేమిటి అన్న కోపం. చెప్పింది చుక్కలోళ్ళ అమ్మ, రానిది మా అమ్మ. ఆ వయసులో ఆ రెండూ నాకు వేరువేరు కాదు.

తర్వాతి ఏడు బాపుకు కామెర్లు ముదిరి దవాఖానలో పడ్డాడు. అప్పుడు ఎవరూ పిలవకుండానే అమ్మ వచ్చింది. బస్సు దిగి సంచి లోపల పెట్టి, చీర కొంగు నడుముకు చుట్టి, పొయ్యి దగ్గర కూర్చుంది. పెద్దవాళ్ళ పట్టింపులన్నీ ఒక్క రోగంతో తీరిపోయాయి, అన్నాళ్ళు ఎందుకు పట్టుకుని కూర్చున్నారో ఎవరికీ గుర్తు లేనట్టే ఉండేవారు. నాకు గుర్తుంది. జడ వేస్తానని అమ్మ దువ్వెన తీసుకుంటే, అత్త వేస్తుందిలే అని అవతలికి పోయేదాన్ని. ఆమె ఇంకోసారి అడగలేదు. ఒక ఇంట్లో, ఒక కప్పు కింద, ఆమెకూ నాకూ మధ్య మర్యాద తప్ప ఏమీ మిగలలేదు. నా పెళ్ళిలో ఒడిబియ్యం పోస్తూ, చుట్టూ అంత మంది ఉండగా, నా ఒడిలోకి చూస్తూ అమ్మ ఒక మాట అంది. “కొడకండ్లల నేను అన్ని దినాలుంటే ఒక్కపారన్న రాకపోతివి బిడ్డా.” నాకు ఒళ్ళు మండింది. వస్తానన్నది నువ్వు, రావలసింది నువ్వు, నేనెందుకు రావాలి అని లోపల అనుకుని, లేచి అత్తవారింటి కారెక్కాను. అమ్మ పోయి ఇప్పటికి కొన్నేళ్ళు. పదో దినం నాడు మేనమామ భార్య చెప్పింది, కొడకండ్లలో ఉన్నన్నాళ్ళూ ఆదివారం వస్తే అమ్మ కూరగాయలు చూసే వంకతో జనగామ బస్సు ఆగే చోట నిలబడేదట. నిలబడితే ఏమైంది, అదే బస్సు ఎక్కి రావచ్చు కదా అనుకున్నాను అప్పుడు కూడా.

ఇప్పుడు కొత్త సీజన్ సంగతి. నా అభిప్రాయాలు ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను, ఇన్నేళ్ళు ఆ కుటుంబం కోసం ఎదురుచూసిన మనిషికి ఆ మాత్రం హక్కు ఉంది. మొదటిది, దీపం. పాతదానిలో ఆ దీపం ఇల్లు అట్టముక్కలతో, రేకులతో చేసిందని చిన్నపిల్లకు కూడా తెలిసేది, ఓడలు తాడు మీద వేలాడుతూ పోయేవి. కానీ ఆ దీపానికి మసి పట్టేది, తల్లి గుడ్డతో తుడిచేది. ఇప్పుడు కంప్యూటర్లో చేసిన దీపం, మసి లేదు, తుడిచేవాళ్ళు లేరు, దానంతట అదే వెలుగుతుంది. దానంతట అదే వెలిగే దీపానికి కుటుంబం ఎందుకు? రెండోది, తిండి. పాత సీజన్‌లో ప్రతి వారం వాళ్ళు కలిసి కూర్చుని ఏదో ఒకటి తినేవారు, తాత రొట్టె దాచుకుని దొరికిపోయేవాడు. కొత్త సీజన్ మొత్తంలో ఒక్కరూ అన్నం తినలేదు. ఆకలి లేని మనుషులకు ఇల్లు గుర్తుకు రావడమేమిటో నాకు అర్థం కాలేదు. మూడోది, అన్ని భాగాలూ ఒక్కసారే కుమ్మరించడం. మేము వారం రోజులు ఆ ఓడ గురించి కొట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆలోచించే లోపల తర్వాతిది మొదలవుతుంది.

నాలుగోది చెబితే మా కోడలు నవ్వుతుంది, కానీ నాకు నిజంగా దుఃఖం వచ్చింది. కొత్త సీజన్‌లో ఆ మరకు మాటలు వచ్చాయి. కుటుంబమంతా వార్తలు చదివేవాళ్ళ తెలుగు మాట్లాడుతుంది. ఒక్క మర మాత్రం మన మాట మాట్లాడుతుంది. ‘ఏందివయా, నాకేం ఎరుక’ అంటుంది, బొక్కబోర్లా పడుతుంది, అందరూ నవ్వుతారు. పరాయి సినిమాల్లో దొంగలకూ తాగుబోతులకూ మన మాట పెట్టి నవ్వినప్పుడు పోనీలే అనుకున్నాం. వీళ్ళు పరాయివాళ్ళు కాదు. మా ముందు గదిలో, పత్తి పక్కన కూర్చుని, తాత దగ్గర్నుంచి పిల్ల దాకా అందరూ మన మాట మాట్లాడిన కుటుంబం. పెద్దయ్యాక పట్నం పోయి మనల్ని గుర్తుపట్టని చుట్టాల్లాగా చేశారు వాళ్ళను.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది చివరి భాగం. ఆ పిల్ల, ఇప్పుడు తల నెరిసిన ఆడమనిషి, అదే నటి, చివరికి తల్లిని కనుక్కుంటుంది. దూరాన ఆరిపోయిన ఆ దీపం దగ్గరే ముసలిదై కూర్చుని ఉంటుంది తల్లి. కూతురిని చూసి అంటుంది: ‘రమ్మన్నాను కదా. దారి నీకు తెలుసు. ఎందుకు రాలేదు?’ కూతురు ఒక్క మాట అనదు. మోకాళ్ళ మీద కూర్చుని తల వంచుకుంటుంది, అంతే, అయిపోయింది. ఇన్నేళ్ళకు కలిస్తే ఆ పిల్ల నోట ఒక్క మాట పెట్టలేకపోయారు ఆ కథ రాసినవాళ్ళు. పైగా రమ్మన్నాను అనడమేమిటి? ఆమె వస్తానని కదా చెప్పింది! కథ మార్చేశారు, తప్పంతా పిల్ల మీదికి నెట్టారు అని నేను కోడలి ముందు అరిచాను. రుజువు చూపిస్తానని పాత సీజన్ వెతికించాను. అది కూడా అక్కడే ఉంది, హిందీలోనే. నాకు ఇప్పుడు హిందీ బాగానే వచ్చు.

చివరి భాగం పెట్టించాను. రేకుల ఇల్లు, తాడు మీద ఓడ, తీగ ఫోను చెవి దగ్గర పెట్టుకున్న పిల్ల, గరగరమనే గొంతు. తల్లి నెమ్మదిగా చెప్పింది. తన ఓడ కదలడం లేదంది. తను రాలేనంది. నువ్వే రావాలి, దారి నీకు నేర్పాను, నీకోసం చూస్తుంటాను అని ఏడ్చింది. అక్కడ వస్తానన్న మాట లేదు, కదలకు అన్న మాట లేదు. కోడలు నా వైపు చూసి, అత్తమ్మా మీరన్నట్టు లేదు కదా అంది. నేను వినిపించుకోనట్టు మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ అదే చెప్పింది. మొదటి భాగం నుంచి చూశాను. నేను బడిలో ఎన్ని తరగతులకు చెప్పానో, ‘దీపం పెట్టినోళ్ళకు ఎరుకగాదు, తొవ్వ తప్పినోళ్ళకు ఎరుకైతది’ అన్న చుక్కల తాత మాట, అది కూడా ఎక్కడా లేదు. అది మా అత్త మాట. ఇన్నాళ్ళూ నేను ప్రేమించిన సీరియల్‌లో సగం మా అత్తే. అబద్ధం ఆడింది కొత్త సీజన్ కాదు. అప్పుడు అమ్మ ఒడిబియ్యం పోస్తూ అన్న మాట నాకు మొదటిసారి వినిపించింది.

వారం తిరగకముందే జనగామ పోయాను. రైల్వే పింఛనుతో కొన్న చిన్న ఇంట్లో, రైలు గేటు దగ్గర, అత్త ఒక్కతే ఉంటుంది. రైలు పోయినప్పుడల్లా గిన్నెలు కదులుతాయి, ఆమెకు అది అలవాటే, ఇప్పుడైతే ఆ చప్పుడూ వినిపించదు. చెవిలో పెట్టుకునే మిషన్ గుయ్యిమంటుందని అలమారలో పడేసింది. కళ్ళు మాత్రం ఆపరేషన్ అయినాక పదునుగా ఉన్నాయి, సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. నన్ను చూసి సంబరపడి సర్వపిండి చేయబోయింది. వద్దన్నాను. చెవి దగ్గర వంగి, చివరి భాగంలో చుక్కలోళ్ళ అమ్మ ఏమన్నదని అడిగాను. ఏ చుక్కలోళ్ళు అని ఆమె అడగలేదు. స్టవ్ కట్టేసి వచ్చి మంచం మీద కూర్చుంది.

“రమ్మన్నది” అంది. “పిల్లను రమ్మన్నది.”

“మరి నాకెందుకు గట్ల చెప్పినవ్?”

“నువ్వు పోతనంటివి గద. పోతే మీ అమ్మ నిన్ను తోలదు, మీ బాపు పోయి పిలువడు. మీరిద్దరు గాడనే ఉందురు.” చేతులు ఒడిలో పెట్టుకుని వాటినే చూసింది. “నాకెవరున్నరు బిడ్డా గా ఇంట్ల? నీ జడలు ఏసుకుంట బతికిన.”

ఆమె మీద నాకు కోపం రాలేదని రాస్తే చదవడానికి బాగుంటుంది. వచ్చింది. చాలా వచ్చింది. ఎవరితో చెప్పుకోను, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నాకు జ్వరం వస్తే నిద్ర మానుకుని కూర్చున్నది ఈమే, నా మొదటి కాన్పుకు వచ్చి పసిపిల్లవాడికి నూనె రాసి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది ఈమే. అమ్మ చేతిలోని దువ్వెన తీసుకోకుండా నేను అవతలికి పోయినప్పుడు చూస్తూ ఊరుకున్నదీ ఈమే. అమ్మ ఉండగా ఒక్కసారైనా చెప్పి ఉండవచ్చు కదా అని గట్టిగానే అడిగాను, గేటు అవతలికి వినిపించేంత గట్టిగా. చెప్పాలనే ఉండేదని, నోరు రాలేదని, రోజులు గడిచిన కొద్దీ అసలే రాలేదని అంది. నేను సంచి తీసుకుని లేచాను. అప్పుడు నా చేయి పట్టుకుని, మళ్ళీ తీశారట కదా, అది చూపించమంది. తనకు వినిపించదు కాబట్టి నన్ను చెప్పమంది.

ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. ఫోన్‌ను చెంబుకు ఆనించి నిలబెట్టి, ఆమె చెవి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె అప్పట్లో కూర్చున్నట్టే. చివరి భాగం పెట్టి, వచ్చిన మాట వచ్చినట్టు చెప్పాను, ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. అంత నిక్కచ్చిగా నేను బడిలో కూడా ఎన్నడూ చదివి చెప్పలేదు. మర బోర్లా పడినప్పుడు అది ఏమంటుందని అడిగింది. మన లెక్క మాట్లాడుతుందని చెప్పాను. మిగతావాళ్ళో అని అడిగింది. వాళ్ళు మాట్లాడరు, మర ఒక్కటే అన్నాను. “మరకన్న మన మాట అచ్చింది” అని అత్త తల ఊపింది. ఇంకో రోజైతే ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం.

ముసలి తల్లి తెర మీదికి వచ్చింది. అత్త కొంచెం ముందుకు వంగింది. ఆ తల్లి పెదవులు కదిలాయి, ఆగాయి.

“ఏమన్నది?”

“‘రమ్మన్న గద. తొవ్వ నీకెరుకే. ఎందుకు రాలే’ అన్నది.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర మీద కూతురు తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, తల వంచుకుంది. ఆ ముఖాన్ని చాలాసేపు దగ్గరగా చూపించారు.

“పిల్ల ఏమన్నది?” అని అడిగింది అత్త.

“‘నాకు గట్ల చెప్పలేదమ్మా’ అన్నది” అన్నాను.

తెర మీద ఆ పిల్ల పెదవి కూడా కదపలేదు. అత్త ఆ ముఖాన్నే చూస్తోంది. ఇంకేమన్నదని నన్ను అడగలేదు.